కుముదవల్లి రాణి పోగొట్టుకున్న వాసన

అనగనగా మరువకొండ అనే రాజ్యం. ఆ రాజ్యానికి విజయబాహుడనే రాజు, ఆయనకు కుముదవల్లి అనే రాణి, వాళ్ళకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు వీరకేతుడు కత్తి తిప్పేవాడు. నడిమివాడు సూరకేతుడు గుర్రాలు తోలేవాడు. చిన్నవాడు మలయకేతుడు మాత్రం పొద్దస్తమానం వంటశాలలో వెంగమ్మ అవ్వ కొంగు పట్టుకుని తిరిగేవాడు. "వీడు రాజవుతాడా, వంటవాడవుతాడా?" అని అన్నలు ఏడిపిస్తే, "ఆకలేస్తే నా దగ్గరికేగా వస్తారు" అని నవ్వేసేవాడు.

ఒకనాడు కోట వాకిట్లోకి పూలమ్మేవాడొకడు వచ్చి, బూడిదరంగు పువ్వొకటి రాణి చేతికిచ్చాడు. పువ్వు చేతికొచ్చాక వాసన చూడకుండా ఎవరుంటారు? రాణి గట్టిగా ఊపిరి పీల్చింది. పువ్వు టక్కున ముడుచుకుపోయింది. వాడు దాన్ని తీసుకుని తన దారిన తాను పోయాడు. ఆ సంగతి అక్కడితో అందరూ మరిచిపోయారు.

ఆ మధ్యాహ్నం రాణి ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, ఆగిపోయింది. "ఇదేమిటండీ, మట్టిలా ఉంది!" అంది. మర్నాడూ మట్టే. మూడోనాడూ మట్టే. రుచి పోయిందంటే తప్పు నాలుకదే కదా అనుకున్నారు వైద్యులు. నాలుక చాపమన్నారు, గీశారు, తోమారు, చేదు కషాయాలు పూశారు. పాపం, ఏ తప్పూ చేయని నాలుక అన్నీ ఓర్చుకుంది. రాణి తిండి మానేసి పుల్లలా చిక్కిపోయింది. "ఇలాగే ఉంటే మూడు నెలలకు మించి బతకరు" అని వైద్యులు రాజుగారికి చెప్పేశారు.

వీరకేతుడు ఊరుకుంటాడా? కొండలు దాటి వెళ్ళి తెల్లటి ఉప్పురాయి తెచ్చాడు. రాణి నాలుక మీద వేసుకుని, "ఉప్పగానే ఉంది నాయనా. ఉప్పగా మాత్రమే ఉంది" అంది. సూరకేతుడు అడవులు దాటి వెళ్ళి పుట్టతేనె తెచ్చాడు. "తియ్యగానే ఉంది నాయనా. తియ్యగా మాత్రమే ఉంది" అంది.

మలయకేతుడు ఆ రెండు మాటలూ విని వానలో తడుస్తూ తోటంతా తిరిగాడు. ఫలితం, పెద్ద పడిశం! ముక్కు దిబ్బడేసుకుని వచ్చి వంటశాలలో కూర్చుంటే వెంగమ్మ అవ్వ గోంగూర పచ్చడి కలిపి పెట్టింది. ఒక ముద్ద తిన్నాడు. పుల్లగా ఉంది, కారంగా ఉంది. కానీ అది గోంగూరో చింతకాయో ఎంత నమిలినా తెలియలేదు.

"అవ్వా! నాకూ అమ్మకొచ్చిన జబ్బే వచ్చింది!"

అవ్వ పకపకా నవ్వింది. "జబ్బు కాదు బాబూ, పడిశం. నాలుకకేం తెలుసు? తీపీ పులుపూ ఉప్పూ చేదూ లాంటి నాలుగు ముక్కలు తెలుసు. మిగతా కమ్మదనమంతా ముక్కుది. నోటి వెనక, గొంతు పైన, పెరటి గుమ్మంలా ఒక దారుంది. నమిలేటప్పుడు వాసన అటునించి ముక్కులోకి ఎక్కుతుంది. ఇంత లెక్క నాకెలా తెలుసంటావా? స్వామి నైవేద్యానికి వండేటప్పుడు రుచి చూస్తే ఎంగిలి. యాభై ఏళ్ళుగా నాలుక కట్టేసుకుని వండుతున్నాను. వాసన కూడా చూడకూడదంటారు. ఆవిరి తనంత తానే వచ్చి చెబుతుంటే ఊపిరి బిగబట్టుకు చస్తానా?"

మలయకేతుడు దిగ్గున లేచాడు. "అయితే అమ్మ నాలుక బాగానే ఉంది. పోయింది వాసన!"

"ఆ మాట ఎవరైనా అంటారేమోనని నెల్లాళ్ళుగా చూస్తున్నా" అంది ఒక సన్నని గొంతు. పొయ్యి వెనక నుంచి చుంచెలుక తల బయటపెట్టింది. అందరూ కంపంటూ చీపురు తిరగేస్తే, మలయకేతుడొక్కడే దాన్ని ఏనాడూ తరమలేదు. "నాకు కళ్ళు ఆనవు రాకుమారా. నా బతుకంతా ముక్కు మీదే. ఆ పూలవాడి చేతులు ఒకటే ఇంగువ కంపు. వాడు జంభీరుడనే మాంత్రికుడు. ముక్కు పైన, కనుబొమల కిందుగా గోరంత తడి చోటుంది. అక్కడ కంటికానని నూగు ఉంటుంది. వాసనలు పట్టేది ఆ నూగే. అక్కడి నుంచి జ్ఞాపకాల గదికి అడ్డదారి, మధ్యలో కాపలా కూడా లేదు. ఆ నూగునే పువ్వులోకి లాగేసుకుని పోయాడు, ఏడు సముద్రాల అవతలికి."

అంతే! మలయకేతుడు అమ్మకు దణ్ణం పెట్టి, చుంచెలుకను భుజాన వేసుకుని ఓడ ఎక్కాడు. ఒక సముద్రం దాటాడు, రెండు దాటాడు, ఏడూ దాటాడు. పడిశం మూడో సముద్రంలోనే వదిలిపోయింది.

జంభీరుడి దీవిలో తరళ అనే రాకుమారి ఎదురైంది. పగడాల దీవి నుంచి ఆమెను మాంత్రికుడు ఎత్తుకొచ్చి, మూడువందల చిలుకలకు మేత వేసే పని అప్పజెప్పాడు.

"వాడి ప్రాణం వీటిలో ఒక చిలుకలో ఉంది. ఆ ఒక్కదానికి మాత్రం రోజూ తెల్లవారాక నన్ను బయటికి పంపి తన చేత్తో మేత పెడతాడు. ఏదో నాకూ తెలియదు. అన్నీ ఒకేలా ఉంటాయి, చూడండి!" అంది తరళ.

నిజమే. మూడువందల పచ్చరెక్కలు, మూడువందల ఎర్రముక్కులు. మలయకేతుడు కళ్ళు మూసుకుని ఒక్కొక్క చిలుకనే వాసన చూడసాగాడు. అన్నీ తరళ పెట్టిన జామపండు వాసన. వంద చిలుకలు దాటేసరికి అతని ముక్కు మొద్దుబారిపోయింది. జామపండు వాసన కూడా తెలియడం మానేసింది. దూరంగా మాంత్రికుడి అడుగుల చప్పుడు. మలయకేతుడికి ఏడుపొచ్చినంత పనైంది.

"ఒకే వాసన పడీ పడీ అలిసిపోయింది, అంతే" అంది చుంచెలుక. "నీ మోచేతి మడతలో ముక్కు పెట్టుకో. మన ఒంటి వాసన మనకు తెలియదు. ముక్కు అక్కడ కాసేపు సేద తీరుతుంది."

అలాగే చేశాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. జామపండు, జామపండు, జామపండు... నూట డెబ్భయ్యో చిలుక దగ్గర గుప్పున ఇంగువ! మలయకేతుడు ఆ చిలుకను రెండు చేతులా పొదివి పట్టుకున్నాడు.

తలుపు తోసుకొచ్చిన జంభీరుడు అక్కడే కూలబడ్డాడు. అందమైన ముక్కు వాడిది, అచ్చం సంపెంగ మొగ్గ. "ఎలా కనిపెట్టావు? అన్నీ ఒకేలా ఉన్నాయి కదా!"

"నీ చేతుల ఇంగువ దానికంటింది. నీకు తెలియలేదా?"

"నాకెలా తెలుస్తుంది?" అన్నాడు జంభీరుడు. "పుట్టింది మొదలు ఒక్క వాసనా ఎరగను. మా అమ్మ పోయినప్పుడు నా తోబుట్టువులందరూ ఆమె చీర ముఖానికి ఆనించుకుని, అమ్మ వాసనంటూ ఏడ్చారు. నా చేతికిస్తే అది నాకు ఉత్త గుడ్డ. అందుకే దొంగిలించాను. ఒకరి నూగు ఇంకొకరికి నాటుకోదట. అదీ దక్కలేదు."

మలయకేతుడికి కోపం చల్లారిపోయింది. "చిలుకను చంపను. అమ్మకు నయమయ్యాక నీ చిలుక నీకిస్తాను. అమ్మ వాసన నాకివ్వు, తరళను వదిలిపెట్టు" అన్నాడు. జంభీరుడు ఒక చిన్న భరిణె తెచ్చి చేతిలో పెట్టాడు. "నూగు వెంటనే వేళ్ళూనదు. రోజూ నాలుగు వాసనలు చూపించండి. ఓపిక పట్టాలి" అన్నాడు.

ఏడు సముద్రాలూ తిరిగి దాటి, భరిణె మూత రాణి ముక్కు దగ్గర తీశారు. ఏమీ కాలేదు. మలయకేతుడు రోజూ పొద్దున్నే కొండెక్కి తాజా మరువం కోసుకొచ్చేవాడు. తరళ నిమ్మతొక్క గిల్లేది. వీరకేతుడు లవంగం నలిపేవాడు, సూరకేతుడు కర్పూరం పట్టుకునేవాడు.

"ఏమైనా తెలిసిందా అమ్మా?"

"లేదు నాయనా."

పదిరోజులు, ఇరవై రోజులు, ముప్పై తొమ్మిది రోజులు ఇదే మాట. వైద్యులు చెప్పిన మూడు నెలలు రేపో మాపో నిండబోతున్నాయి. నలభయ్యో పొద్దున మలయకేతుడు కొండ మీది నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. రాణి కళ్ళు తెరవలేకపోతోంది. మరువం చేతిలోంచి జారిపోయింది. అమ్మ ఒళ్ళో తల పెట్టి, "నా వల్ల కాలేదమ్మా" అని భోరుమన్నాడు.

రాణి వాడి తల నిమిరి, మెల్లగా వంగింది. వంగినది అలాగే ఉండిపోయింది. ఊపిరి పీల్చింది. ఇంకోసారి పీల్చింది. మూడోసారి పీల్చింది.

"ఒరేయ్ మలయా, తలంటుకుని ఎన్నాళ్ళయిందిరా?"

రాణి కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. "చెమట, దుమ్ము, సముద్రం... వాటన్నిటి వెనకా నువ్వు పుట్టిననాటి వాసన అలాగే ఉందిరా తండ్రీ!" అని కొడుకు తల గుండెలకు హత్తుకుంది. తర్వాత వీరకేతుణ్ణి పిలిచి వాడి తల వాసన చూసింది. సూరకేతుణ్ణి పిలిచి వాడిదీ చూసింది. రాజుగారు కూడా సిగ్గుపడుతూ కిరీటం తీసి వంగారు. "వెంగమ్మను అన్నం పెట్టమనండి. ఏం వండిందో చెప్పొద్దనండి, నేనే చెబుతాను" అంది రాణి.

తరళకూ మలయకేతుడికీ పెళ్ళయింది. జంభీరుడు ఆ పెళ్ళికి వచ్చి తన చిలుకను తీసుకున్నాడు. కుముదవల్లి రాణి ఆ దొంగను తన పక్కనే పీట వేసి కూర్చోబెట్టుకుంది. విస్తట్లో పడిన ప్రతి వంటకం వాసనా ఎలా ఉందో, అది తనకు ఏ రోజును గుర్తు చేస్తుందో ఒక్కొక్కటే చెప్పింది. వాడు కళ్ళు మూసుకుని, పసిపిల్లాడిలా విన్నాడు.

మలయకేతుడు వంద వానాకాలాలు రాజ్యమేలాడు. వాళ్ళు అక్కడ చల్లగా ఉన్నారు. ఇక మనం లేద్దాం పిల్లలూ, లోపల పోపు వేగుతోంది, అది ఏ కూరదో ముందు చెప్పినవాళ్ళకే మొదటి ముద్ద.