నిలకడమ్మ కనుమ

ఎర్రకొండల నడుమ, ఇద్దరు పక్కపక్కన నడవలేనంత ఇరుకైన దారి మొదట్లో శ్రీ నిలకడమ్మ తల్లి కొలువై ఉన్నది. అమ్మవారికి గోపురం లేదు, ఉలి తాకిన విగ్రహమూ లేదు. కాళ్లు ముడుచుకొని కూర్చున్న ఆడమనిషి వలె కనిపించే నల్లరాయే ఇక్కడి మూలమూర్తి.

పూర్వం కొండ మీది జాతరకు ఏటా వేలమంది ఈ కనుమ గుండానే వెళ్లేవారు. ఒక ఏడు మిట్టమధ్యాహ్నం, కింద వాగు ఇసుకలో జనం వంటలు చేసుకుంటూ ఉండగా "వాగొస్తాంది!" అని ఎవరో కేక పెట్టారు. అలా అన్నదెవరో నేటికీ తెలియదు. కుండలు పొయ్యిల మీదే విడిచి జనమంతా కనుమకేసి పరుగుతీశారు. బీరప్ప అనే గొర్రెల కాపరి కూడా మందను వదిలి పరుగెత్తాడు. ఇరుకు దారిలో అతని కాలి కింద గాజులు చిట్లాయి. అది మనిషి చెయ్యి అని తెలిసీ అతడు ఆగలేదు.

పైకి చేరి వెనుదిరిగి చూస్తే వాగులో చుక్క నీరు లేదు. అతని గొర్రెలు నిమ్మళంగా తుమ్మకాయలు ఏరుకు తింటున్నాయి. కనుమలో మాత్రం మనుషుల మీద మనుషులు పడుతున్నారు.

"వాగు రాలేదు" అని గొంతు చించుకున్నా వినేవారు లేరు. మంద బెదిరినప్పుడు కేకలు పనికిరావని, ప్రతి గొర్రె ముందున్న గొర్రె కాళ్లనే చూస్తుందని బీరప్పకు తెలుసు. బండల మీదుగా కిందికి దిగి, తోపులాటకు వెనుకవైపున చేరి, బిడ్డను చంకనెత్తుకొని పరుగెడుతున్న ఒక ఇల్లాలిని ఆపాడు.

"కూర్చో తల్లీ!"

"నీళ్లొస్తాండాయి గదన్నా!"

"నువ్వు చూసినావా?"

"అందురూ పరిగెత్తుతాండారు గదా!"

"నేను చూసొచ్చినా. నా మాటిని కూర్చో."

ఆమె ఉన్నచోటనే కూలబడింది. బీరప్ప ఆమె పక్కన కూర్చున్నాడు. వారిని చూసి మరొకరు, వారిని చూసి ఇంకొకరు కూర్చున్నారు. పరుగు ఎలా పాకిందో కూర్చోవడమూ అలాగే పాకింది. వెనుక నుండి ఒత్తిడి తగ్గగానే పడినవారిని ఒక్కొక్కరినే బయటికి తీశారు.

మరునాడు రచ్చబండ దగ్గర పెద్దలు విచారించగా ప్రతి ఒక్కరూ "ఎనకోళ్లు తోసినారు" అన్నారు. అందరికంటే చివర ఉన్నవాడు సైతం అదే మాట అన్నాడు. అప్పుడు బీరప్ప లేచి, "నన్నెవరూ తోయలేదు. నేనే తొక్కినా" అని, కుడిచెయ్యి విరిగిన ఓబులమ్మ అనే వృద్ధురాలి కాళ్ల దగ్గర సాగిలపడ్డాడు.

"నా చేతి మీద ఎంతమంది పోయినారో నాకే తెల్దు నాయినా. ఎనక్కొచ్చింది నువ్వొక్కడివే," అన్నదామె.

ఆ మాటతో ఒకరి తరువాత ఒకరు తలవంచుకొని "నేను గూడా" అంటూ లేచారు.

మూడవ నాడు మంద కాస్తూ కునుకు తీసిన బీరప్పకు అమ్మవారు కలలో కనిపించి, "ఆ ఇల్లాలు కూర్చున్న చోట వెలిశాను. నాకు బలులు వద్దు, గుడి వద్దు. పరుగున వచ్చేవారు నా ముందు కాసేపు ఆగితే చాలు" అని ఆనతిచ్చింది. వెళ్లి చూడగా అంతకుముందు లేని ఈ రాయి కనిపించింది. ఓబులమ్మ ఎడమచేత్తోనే తొలి పసుపు పూసింది. నిజం నిలకడ మీద తెలుస్తుంది గనుక తల్లికి ఆ పేరే స్థిరపడింది.

నేటికీ జాతర నాడు బీరప్ప వంశీకులు కనుమ మొదట్లో కర్ర అడ్డం పెడతారు. ఎంతటివారైనా అక్కడ నేల మీద కూర్చుని, పదిమందిలో పడి తాము చేసిన తప్పు ఒకదానిని తల్లికి విన్నవించుకొని, వెనుకవారికి చేయి అందించి లేపి, ఆపైనే ముందుకు సాగాలి. అలా చేసినవారి ఇంట అపనింద నిలవదని, జనంలో తప్పిపోయిన బిడ్డలు క్షేమంగా ఇల్లు చేరుతారని భక్తుల విశ్వాసం. 'మేము చేశాము' అని మొదలుపెట్టిన విన్నపం మాత్రం ఇక్కడ చెల్లదు.