తన నాడి తానే చూసుకునే స్వామి

పసరుపాడు కొండ మీది నాడిస్వామిని చూసిన వారికి మొదట కలిగేది భక్తి కాదు, అయోమయం. స్వామి చేతిలో శూలం లేదు, అమృతకలశం లేదు. ఎడమచేయి ముందుకు చాచి, కుడిచేతి వేళ్లు ఆ మణికట్టు మీదే ఆనించి, నుదురు ముడిచి, ఏదీ తేలని వాడిలా కూర్చుని ఉంటాడు. లోకానికి వైద్యం చేయవలసిన స్వామి తన నాడి తానే చూసుకోవడమేమిటని భక్తులు అడుగుతారు. అర్చకుడు "ముందు గంజి ప్రసాదం పుచ్చుకోండి" అంటాడు. దానితో అయోమయం రెట్టింపవుతుంది.

పూర్వం ఇక్కడ పెద్దిభట్టు అనే మహావైద్యుడు పాఠశాల నడిపేవాడు. తెర చాటు నుంచి చాచిన చేయి పట్టుకుని రోగం చెప్పగల దిట్ట. ఆయన పేరు విని ఎక్కడెక్కడి శిష్యులో వచ్చి చేరారు. గురువు ముందుగా నాడి చూసి రోగమేదో చెప్పేవాడు. తరువాత శిష్యులు ఒక్కొక్కరే అదే చేయి పట్టుకుని, గురువు చెప్పినదాని కోసం వెతికేవారు. అలా వెతికితే దొరకనిదేముంది? అందరికీ దొరికేది.

ఒక వేసవిలో ఊరంతా జ్వరాలు వచ్చాయి. గొర్రెల కాపరి కోటప్పను అతని భార్య గురవమ్మ మంచం మీద మోయించుకుని వచ్చింది. భట్టు చేయి పట్టుకోగానే ఆయన ముఖం వాడిపోయింది. "ఇది ప్రాణం విడిచే నాడి. మందు ఆపి తులసితీర్థం పోయండి" అన్నాడు. శిష్యులందరూ చేయి పట్టి చూసి, అవునన్నారు.

అంతలో కోటప్ప గంజి అడిగాడు.

"పొయ్యే మడిసి గంజి అడుగుతాడా అయ్యగారూ? మందు ఆపితే నిజంగానే పోతాడు" అని గురవమ్మ అడ్డు నిలబడింది.

"నాడి అబద్ధం చెప్పదమ్మా."

"అయితే నా చెయ్యి గూడా సూడండి."

భట్టు చూశాడు. అదే నాడి! ఏ నలతా లేని మనిషిలో చావు నాడి ఏమిటో ఆయనకు అర్థం కాలేదు. పక్కనున్న శిష్యుని చేయి పట్టాడు. అదే. మతి పోయినట్లయి పందిరి గుంజను పట్టుకున్నాడు. గుంజలోనూ అదే కొట్టుకుంటోంది.

"ఆ గుంజ గూడా పోతదా అయ్యా?" అంది గురవమ్మ.

అప్పుడాయన వేళ్లు తన మణికట్టు మీదికి వెళ్లాయి. పొద్దుటి నుంచి ఒళ్లు కాలిపోతున్నా ఆయన పట్టించుకోలేదు. తన వేళ్లలో కొట్టుకుంటున్న తన నాడినే ఇంతసేపూ అందరిలోనూ చదివాడు.

"మరి మీకేం తెలిసింది?" అని శిష్యులను అడిగాడు. కొమ్మన అనే పెద్ద శిష్యుడు తల వంచుకుని, "మామూలు జ్వరనాడే అనిపించిందండీ. తమరు చెప్పాక నా వేళ్లదే తప్పనుకున్నాను" అన్నాడు.

భట్టుకు కన్నీరు ఆగలేదు. "నేను మీకు నేర్పింది వైద్యం కాదు నాయనా, తలూపడం" అన్నాడు. కోటప్పకు వెంటనే మందు, గంజి ఇప్పించి, తాను పాఠశాల లోపలికి వెళ్లి చాప మీద వాలాడు. శిష్యులను ఒక్కొక్కరినే లోపలికి పిలిచి, తన చేయి అందించి, "తోచింది చెప్పు. తోచకపోతే తోచలేదని చెప్పు" అన్నాడు. ఒకరు చెప్పింది ఒకరితో కలవలేదు. ఆ పాఠశాలలో అంత గందరగోళం ఎన్నడూ లేదు. ఆయన సంతోషించింది మాత్రం ఆనాడే.

కోటప్ప కోలుకున్నాడు. భట్టు కోలుకోలేదు. శిష్యులు విగ్రహం చెక్కించినప్పుడు, గుంజను వదిలిన క్షణాన ఆయన ఎలా ఉన్నాడో గురవమ్మే శిల్పికి చెప్పింది. ఆ విగ్రహమే ఈ నాడిస్వామి.

నేటికీ గంజి ప్రసాదం ఆమె వంశం వారిదే. భక్తులు ముందు తమ నాడి చూసుకుని, తరువాత ఒక్కరొక్కరుగా లోపలికి వెళ్లి స్వామి మణికట్టు మీద వేళ్లు పెడతారు. వెంట వచ్చిన వారందరూ బయటికి వచ్చేదాకా ఎవరికేం తెలిసిందో చెప్పకూడదు. వైద్యవిద్యార్థులు పట్టా పుచ్చుకోగానే వస్తారు. ఈ దర్శనంతో రోగం కుదురుతుందని మేము చెప్పము. ఇక్కడ వేళ్లు పెట్టి వెళ్లిన వైద్యుని చేతిలో పడిన రోగికి మేలు జరుగుతుందని మాత్రం మా నమ్మకం.

ఈ స్థలపురాణం పుస్తకం రాయడానికి ముందు నేనూ వేళ్లు పెట్టాను. రాయి కొట్టుకుంది. స్వామిదో నాదో ఎంతకీ తేలలేదు. బయటికి వచ్చి ఆ మాటే అర్చకునితో చెప్పాను.

"మంచిది. కాసేపు కూర్చుని మళ్లీ చూడండి" అన్నాడాయన.