తుంగ పందెం, నక్క తోడు

తూర్పు కొండల వెనకాల ఇప్పలకోన అనే అడవి ఉండేది. అందులో దుప్పులు, కృష్ణజింకలు, కుందేళ్ళు, అడవిపందులు, నక్కలు కాపురం ఉండేవి. తోడేళ్ళు కూడా ఉండేవి గానీ, అవి ఎప్పుడు ఎటు తిరుగుతాయో ఎవరికీ సరిగ్గా తెలిసేది కాదు. అందుకే ఆ అడవిలో అందరికీ అనుమానం కాస్త ఎక్కువ. ఆకు కదిలినా చెవులు నిక్కించేవారు.

ఎండాకాలం వస్తే ఆ అడవిలో నీళ్ళు రెండే చోట్ల దొరికేవి. ఒకటి కొండ మీది ఊట. రెండోది దిగువనున్న మడుగు. మడుగులో మొసలి ఉంది. ఊట నీళ్ళు చల్లగా, తేటగా ఉండేవి. కానీ ఊట చిన్నది. ముందు తాగినవారికి నీళ్ళు, వెనక వచ్చినవారికి బురద.

అందుకని ఏటా వేసవి మొదట్లో కొండ చుట్టూ ఐదు కోసుల పరుగు పందెం జరిగేది. గెలిచినవారి మంద వానలు పడేదాకా ఊట దగ్గర ముందు తాగవచ్చు. మూడేళ్ళుగా మెలికన్న అనే కృష్ణజింక గెలుస్తూ వచ్చాడు. మెలితిరిగిన పొడవాటి కొమ్ములు ఎత్తుకుని, ఎవరి వైపూ చూడకుండా నడిచేవాడు. దుప్పుల మందకు మడుగే గతి అయింది. పోయిన వేసవిలో మొసలి రెండు దుప్పి పిల్లలను లాక్కుపోయింది.

ఆ మందలో తుంగ అనే ఆడ దుప్పి ఉండేది. రెండేళ్ళుగా తుంగకు చూపు తగ్గుతూ వచ్చింది. మొదట దూరపు చెట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. తరవాత పొద్దు వాలితే దారి కనిపించడం మానేసింది. ఇప్పుడు వెలుగు ఎటుందో, నీడ ఎటుందో మాత్రమే తెలుస్తోంది. కాళ్ళకు మాత్రం ఏమీ కాలేదు. ఆగకుండా పరిగెత్తడంలో మందలో ఆమెకు సాటి ఎవరూ లేరు. రోజూ ఉదయం తనకు బాగా తెలిసిన పచ్చిక మీద గుండ్రంగా పరిగెత్తేది.

పందేనికి పెద్ద నల్లమ్మ అనే ముసలి ఎలుగుబంటి. తుంగ ఆమె దగ్గరకు వెళ్ళింది.

"నల్లమ్మత్తా, ఈసారి మా మంద తరఫున నేను పరిగెత్తుతాను. దారి చెప్పడానికి పక్కన ఒక తోడును తెచ్చుకోవచ్చా?" అని అడిగింది.

నల్లమ్మ చాలాసేపు ఆలోచించింది. "తెచ్చుకో. కానీ మూడు మాటలు విను. మీ ఇద్దరి మెడలకూ మధ్య ఒక తిప్పతీగ ఉండాలి. నీ తోడు నిన్ను లాగకూడదు. గీత దగ్గర నువ్వే ముందుండాలి, తోడు వెనక ఉండాలి. ఏది తప్పినా పందెంలోంచి తీసేస్తాను" అంది.

తుంగ సంతోషంగా మందకు తిరిగి వచ్చింది. కానీ ఐదు కోసులు ఆమెతో సమానంగా పరిగెత్తేవారు మందలో దొరకలేదు. ఒక దుప్పి రెండో కోసు దగ్గర ఆగిపోయింది. ఇంకో దుప్పి మూడో కోసు దగ్గర పడుకుంది.

మర్నాడు ఉదయం తుంగకు నక్క వాసన తగిలింది. నాలుగు అడుగులు వెనక్కి వేసింది.

"భయపడకు. నా పేరు కొర్రయ్య. నీకు తోడు కావాలని విన్నాను. నేను పరిగెత్తగలను" అన్నాడు ఆ నక్క.

"నువ్వెందుకు నాకు సాయం చేస్తావు?" అని తుంగ అడిగింది.

"నీ కోసం కాదు, నా కోసం. ఎప్పుడో మా తాతల కాలంలో ఒక నక్క పందెంలో అడ్డదారి తొక్కాడు. అప్పటినుంచి నక్కలను గీత దగ్గరకు కూడా రానివ్వరు. నాకు పరుగంటే ప్రాణం. ఆ దారిలో ఒక్కసారైనా అందరిముందూ పరిగెత్తాలని ఉంది. నీ పక్కన అయితే రానిస్తారు."

జాలి మాటలు చెప్పి ఉంటే తుంగ అప్పుడే పొమ్మనేది. ఈ జవాబు ఆమెను ఆలోచనలో పడేసింది. అలాగని నమ్మకం కలగలేదు.

మందలో పెద్ద గొడవ జరిగింది. "నక్క పక్కన నడుస్తావా? నీకు కళ్ళే పోయాయనుకున్నాం, మతి కూడా పోయిందా?" అని పెద్ద దుప్పులు తిట్టాయి. తుంగ వాళ్ళతో వాదించలేదు. వాళ్ళ అనుమానం తనకూ ఉంది.

"పది రోజులు చూస్తాను. ఒక్క అబద్ధం దొరికినా పంపేస్తాను" అని మాత్రం అంది.

ఆ పది రోజులూ తుంగ కొర్రయ్యను పరీక్షిస్తూనే ఉంది. తనకు అడుగడుగూ తెలిసిన దారుల్లోకి కావాలనే తీసుకువెళ్ళి, తెలియనట్టు నటించేది. ఎక్కడ గుంట ఉందో, ఎక్కడ దుంగ పడి ఉందో ఆమెకు తెలుసు. అతను సరిగ్గా చెబుతాడో లేదో అని చెవులు రిక్కించి వినేది.

కొర్రయ్య పొడి మాటలతో దారి చెప్పేవాడు. "రాయి. పల్లం. మూడడుగుల్లో దుంగ, దూకు. ఇప్పుడు చదును." తీగ ఎప్పుడూ వదులుగానే వేలాడేది.

నాలుగో రోజు అతను "ఎడమకు" అన్నాడు. ఎడమ పక్క ముళ్ళపంది బొరియ ఉందని తుంగకు తెలుసు. దొరికాడు అనుకుంది. అంతలోనే అతను "ఆగు, ఆగు. తప్పు చెప్పాను. కుడికి. అలిసిపోయి పొరబడ్డాను" అన్నాడు.

తుంగ ఆ రాత్రంతా ఆ మాటే తలుచుకుంది. మోసం చేసేవాడు తన తప్పు తానే చెప్పుకుంటాడా? ఏమో, నమ్మించడానికి అలా కూడా చెప్పవచ్చు. ఎటూ తేలలేదు.

పందేనికి రెండు రోజుల ముందు మెలికన్న వచ్చాడు. అంతకుముందు అతను తుంగతో ఎన్నడూ మాట్లాడలేదు.

"చెల్లీ, నీ మంచి కోరి ఒక మాట చెబుతున్నాను. దారిలో గండి దగ్గర రెండు బాటలున్నాయి. ఎడమది ఇసుక బాట. కుడిది రాళ్ళ బాట. ఆ రాళ్ళ బాటలో తోడేళ్ళ గుహ ఉంది. తోడేళ్ళు తిని వదిలిన ఎముకలు ఎవరు నాకుతారు? నక్కలే కదా. పందెం రోజున ఏదో ఒక సాకు చెప్పి నిన్ను కుడివైపు తిప్పుతాడు. చూస్తూ ఉండు" అన్నాడు. వెంటనే నాలుక కరుచుకుని, "అదే, వింటూ ఉండు" అని వెళ్ళిపోయాడు.

తుంగ నేరుగా కొర్రయ్య దగ్గరకు వెళ్ళింది.

"నువ్వు తోడేళ్ళ ఎంగిలి తింటావా?"

"తింటాను. దొరికితే ఏ నక్కయినా తింటుంది" అన్నాడు.

"గండి దగ్గర గుహ ఉందా?"

"ఉంది. తోడేళ్ళు ఈ అడవి వదిలి పోయి నెల దాటింది. అయినా మనం అటు పోము. ఇసుక బాటనే పోదాం. నీ కాళ్ళకు అదే మంచిది."

"తప్పకుండా ఇసుక బాటేనా?"

"ఇసుక బాటే" అన్నాడు కొర్రయ్య.

పందెం రోజు తెల్లవారింది. గీత దగ్గర పన్నెండుమంది నిలబడ్డారు. నక్కను చూసి గుంపులో గుసగుసలు మొదలయ్యాయి. దుప్పుల మంద దూరంగా బిక్కుబిక్కుమంటూ నిలబడింది. నల్లమ్మ తిప్పతీగను తానే ఇద్దరి మెడలకూ కట్టి, ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూసింది. తరవాత ఒక్క అరుపు అరిచింది. అందరూ పరుగు తీశారు.

మొదటి కోసులో కుందేళ్ళు ముందున్నాయి. రెండో కోసులో అవి వెనకబడ్డాయి. తుంగ తొందరపడలేదు. ఊపిరి సమంగా పీలుస్తూ, గిట్టలు ఒకే లయలో వేస్తూ పోయింది. "రాయి. పల్లం. చదును" అంటూ కొర్రయ్య గొంతు చెవి పక్కనే నడిచింది. మూడో కోసుకు వచ్చేసరికి ఒక్కొక్కరే వెనక మిగిలిపోయారు.

"ముందు ఎవరున్నారు?" అని తుంగ అడిగింది.

"మెలికన్న ఒక్కడే. చాలా ముందున్నాడు. గండి దాటిపోయి ఉంటాడు."

గండి దగ్గరకు రాగానే కొర్రయ్య వేగం తగ్గించాడు. "ఆగు. ఇసుక బాట కాదు. కుడికి తిరుగుదాం" అన్నాడు.

తుంగ ఉన్నచోటనే నిలబడిపోయింది. మెలికన్న చెప్పింది చెప్పినట్టే జరుగుతోంది.

"ఇసుక బాటే అన్నావు" అంది.

"అన్నాను. నిన్న అది బాగానే ఉంది. ఇప్పుడు దానికి అడ్డంగా రేగుకంప పడి ఉంది. నీ ఎత్తు కంటే ఎక్కువ ఉంది. దూకలేం."

తుంగకు కంప కనిపించదు. గుహా కనిపించదు. కుడివైపు అడుగు వేస్తే ప్రాణమే పోవచ్చు. వేయకపోతే పందెం పోతుంది, మంద మళ్ళీ మొసలి మడుగుకే పోవాలి. ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. ఎవరి మాటా వినకుండా తానే తెలుసుకోవాలనుకుంది.

"కదలకు" అని కొర్రయ్యకు చెప్పి, ఎడమవైపు తీగ సాగినంత మేర మెల్లగా అడుగులు వేసింది. ముట్టె ముందుకు చాపింది. ముల్లు చురుక్కున గుచ్చుకుంది. కంప నిజమే.

అయితే ఇది ఎవరు వేశారు? నక్కే వేసి ఉండవచ్చు కదా. తుంగ రక్తం కారుతున్న ముట్టెతోనే ఒక్కొక్క కొమ్మనూ వాసన చూసింది. విరిగిన చోట పచ్చివాసన ఇంకా పోలేదు. ఆ పచ్చివాసన కింద ఇంకో ఘాటైన వాసన ఉంది. మగ కృష్ణజింకలకు కళ్ళ దగ్గర ఒక జిగురు ఊరుతుంది. అవి తల ఆనించిన చోటల్లా ఆ వాసన అంటుకుంటుంది. కంప మీద ఉన్నది ఆ జిగురే. తాను దాటాక దాన్ని కొమ్ములతో బాటకు అడ్డంగా నెట్టింది మెలికన్నే. కొర్రయ్య తనను కుడికి తిప్పుతాడని రెండు రోజుల ముందే మెలికన్నకు ఎలా తెలిసిందో ఆమెకు అప్పుడు అర్థమైంది.

తరవాత కుడివైపు తిరిగి గాలి పీల్చింది. గాలి అటునుంచే వస్తోంది. ఎండిన ఎముకల వాసన వచ్చింది. తోడేలు వాసన రాలేదు.

"పద మామా" అంది తుంగ. అతన్ని ఆమె మామా అని పిలవడం అదే మొదటిసారి. "నేను నిన్ను నమ్మలేదు."

"చూసుకుని నమ్మావు. నాకు అది చాలు. రాళ్ళున్నాయి, గిట్ట పైకెత్తి వెయ్యి" అన్నాడు కొర్రయ్య.

ఇద్దరూ రాళ్ళ బాట దాటి నాలుగో కోసులో పడ్డారు. పోగొట్టుకున్న సమయం చాలా ఉంది. తుంగ ఇప్పుడు వేగం పెంచింది. ప్రతి మాటనూ తూచడం మానేసింది కాబట్టి కాళ్ళు తేలికయ్యాయి.

ముందు పోతున్న మెలికన్నకు వెనక నుంచి గిట్టల చప్పుడు వినిపించింది. అతనికి నమ్మబుద్ధి కాలేదు. ఆ కంప ఎలా దాటారు? నక్క ఏదో అడ్డదారి చూపించి ఉండాలి, లేకపోతే ఆమెను లాక్కొస్తూ ఉండాలి. ఆ మోసం కళ్ళారా చూసి నల్లమ్మతో చెప్పాలని మెలికన్న మాటిమాటికీ వెనక్కి తిరిగి చూశాడు. చూసినప్పుడల్లా అడుగు తడబడింది. తీగ వదులుగానే ఉంది. వాళ్ళు దగ్గరవుతున్నారు.

దారి పక్కన ఎండిన కుంట ఒకటి ఉంది. బాట దాని చుట్టూ తిరిగి పోతుంది. కుంట ఎండినప్పుడు అందులోంచి పోయినా పందెంలో తప్పు లేదు. మెలికన్న బాట వదిలి కుంటలోంచి అడ్డంగా దూకాడు.

"మెలికన్న కుంటలోంచి పోతున్నాడు. నేల పగుళ్ళిచ్చి ఎండిపోయి ఉంది. మనమూ అటే పోదామా? నూరు అడుగులు కలిసివస్తాయి" అన్నాడు కొర్రయ్య.

తుంగ ముక్కుపుటాలు కదిలాయి. "వద్దు మామా. కింద ఇంకా తడి ఉంది. నాకు వాసన తెలుస్తోంది. చుట్టూ తిరిగే పోదాం."

కొర్రయ్య ఆమె చెప్పినట్టే బాట వెంట తిరిగాడు. వాళ్ళు సగం చుట్టు తిరిగేలోపు కుంట మధ్యలోంచి పెద్ద చప్పుడు వచ్చింది. పైనున్న ఎండు పెచ్చు విరిగి మెలికన్న మోకాళ్ళ లోతు బురదలో దిగబడ్డాడు. పైకి లేవబోయిన కొద్దీ ఇంకా దిగాడు.

గీత కనిపించింది. "ఇక నేరుగా ఇరవై గంతులు. అంతా చదును. పో" అన్నాడు కొర్రయ్య. అతని ఊపిరి ఆమె భుజం పక్కన వినిపించింది. తరవాత తోక దగ్గర వినిపించింది. జీవితంలో ఒక్కసారి ఆ గీత దాటాలని ఆశపడ్డ నక్క, అందరూ చూస్తుండగా తానే వెనక్కి తగ్గాడు. తుంగ ఒక్క ఊపులో గీత దాటింది.

దుప్పుల మంద పరిగెత్తుకుంటూ వచ్చి ఆమె చుట్టూ మూగింది. కొన్ని దుప్పులు నక్క దగ్గరకు వెళ్ళాలా వద్దా అన్నట్టు నిలబడి, చివరికి వెళ్ళాయి.

అడవిపందులు మెలికన్నను బురదలోంచి లాగి తెచ్చాయి. అతను వస్తూనే, "ఇది మోసం. నక్క ఆమెను లాక్కొచ్చాడు" అన్నాడు.

నల్లమ్మ తుంగ మెడ పట్టుకుని చూసింది. తీగ ఒరుసుకున్న గుర్తు ఎక్కడా లేదు. "మెడ బాగానే ఉంది. ముట్టె మీద ఈ ముళ్ళ గాట్లు ఏమిటి?" అని అడిగింది.

తుంగ జరిగింది చెప్పింది. నల్లమ్మ విని ఊరుకోలేదు. అందరినీ గండి దగ్గరకు తీసుకువెళ్ళి, కంపను తానే వాసన చూసింది. ఆ తరవాత మెలికన్న వైపు తిరిగింది. మెలికన్న తల దించుకున్నాడు.

"ఇకమీదట నువ్వు పందెంలో నిలబడకూడదు. ఈ ఏడు కృష్ణజింకలు అందరికంటే చివర తాగాలి" అంది నల్లమ్మ.

"వద్దత్తా. కంప వేసింది అతనొక్కడే. వాళ్ళ పిల్లలను మడుగుకు పంపకు. మా తరవాత వాళ్ళు తాగుతారు" అంది తుంగ. నల్లమ్మ సరేనంది. వచ్చే ఏడు నుంచి నక్కలు కూడా పందెంలో పరిగెత్తవచ్చని చెప్పింది.

ఆ సాయంత్రం దుప్పి పిల్లలు భయం లేకుండా ఊట నీళ్ళు తాగాయి. పక్కన నిలబడ్డ కొర్రయ్య, "వచ్చే ఏడు నేను నా కోసమే పరిగెత్తుతాను. నువ్వు ఇంకో తోడును వెతుక్కోవాలి" అన్నాడు.

"వెతుక్కుంటాను. అతన్నీ పది రోజులు పరీక్షిస్తాను" అంది తుంగ.

"పదిహేను రోజులు పరీక్షించు. నిన్ను ఓడించబోయేది నేను" అన్నాడు కొర్రయ్య. తుంగ చాలా రోజుల తరవాత గట్టిగా నవ్వింది.

నీతి: అనుమానం రావడం తప్పు కాదు. ఒకరు చెప్పిన మాట పట్టుకుని కాక, మనమే పరీక్షించి తేల్చుకోవాలి. తేలిన తరవాత మనసారా నమ్మాలి.