మాబున్ని కార్డు

భార్య పోయిన నలభయ్యో రోజు పొద్దున్నే దస్తగిరి ఒక బ్యాంకు కార్డు చేతబట్టుకుని దర్గాకు వచ్చాడు. అతని గురువు మౌలాలి తాత అప్పుడే వాకిలి ఊడ్చి చీపురు మూలన పెడుతున్నాడు.

"సామీ, ఈ పొద్దు మా మాబున్నికి ఫాతిహా చదవాల. ఇంకొకటి కూడా అడుగుదామని వచ్చినా." కార్డు తాత చేతిలో పెట్టాడు. "ఇది ఆమెది. దుడ్లన్నీ ఇందులో అట్లనే ఉండాయి. ఏ దానం చేస్తే ఆమెకు పుణ్యం?"

దస్తగిరి మార్కెట్ యార్డులో గుమాస్తా. చెయ్యి మహా గట్టి. ముందే డబ్బు వేసిపెట్టి, వేసినంత మటుకే వాడుకునే కార్డులు ఉంటాయని తెలిసిన రోజు అతనికి పండగే అయింది. బియ్యం పప్పులకొకటి, బండి పెట్రోలుకొకటి, మాబున్ని సొంత ఖర్చుకొకటి తీసుకున్నాడు. ఆమె కార్డులో నెలనెలా ఐదొందలు వేసేవాడు. ఆమె ఎక్కడ గీకినా మెసేజీ మాత్రం అతని ఫోనుకే వచ్చేది.

"మూడేండ్లు సామీ! ఒక్క పైసా ముట్టలే మహాతల్లి. అట్లాంటి పొదుపు మనిషి ఎవురికి దొరుకుతాది?" అన్నాడు. అంత దుఃఖంలోనూ అతని గొంతులో కాస్త గొప్ప వినబడింది.

తాత కార్డును అటూ ఇటూ తిప్పి చూసి వెనక్కిచ్చాడు.

"దానం సంగతి తర్వాత. దీంతో ఆమెకు ఇష్టమైంది ఏదన్నా ఒకటి కొనుక్కురా. పోయినోళ్లకు ఇష్టమైంది పళ్ళెంలో పెట్టి గదా మనం చదివేది."

"అదెంత పని సామీ," అని దస్తగిరి బజారుకు పోయాడు.

మిఠాయి అంగట్లో జిలేబీల ముందు నిలబడ్డాడు. మాబున్ని జిలేబీ తినగా ఎప్పుడైనా చూశాడా? ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు. పండ్ల బండి దగ్గరా అంతే. ఏ పండు తెచ్చినా ముందు అతనికే కోసి పెట్టేది, అది మాత్రం బాగా గుర్తుంది. గాజుల అంగట్లో ముసలామె "ఏ సైజు నాయనా?" అని అడిగింది. అదీ తెలియలేదు. సిగ్గుతో చచ్చిపోయి బయటికొచ్చాడు.

ఇక తప్పక మరదలికి ఫోను చేశాడు.

"మా అక్క ఇరవై రెండేండ్లు నీతో కాపురం చేసింది బావా. నన్నడుగుతుండావా?" అని ఆమె ఫోను పెట్టేసింది.

ఫోన్లో పాత మెసేజీలన్నీ వెతికాడు. మూడేండ్ల కిందటిది ఒక్కటి దొరికింది. ఒక ఫ్యాన్సీ అంగడి పేరు, నూటనలభై రూపాయలు. అప్పుడు జ్ఞాపకం వచ్చింది. ఆ మెసేజీ చూడగానే యార్డు నుంచి ఫోను చేసి "ఏం కొన్నావు?" అన్నాడు. కోపమేమీ లేదు, ఊరికే లెక్క రాసుకుందామని. ఆమె "ఏం లేదులే, వాపసిచ్చేస్తా" అంది. గంట తిరక్కముందే నూటనలభై మళ్ళీ కార్డులో పడ్డాయి. ఏం కొన్నదో అతను తర్వాత అడగనే లేదు.

ఆ అంగడి వెతుక్కుంటూ పోయాడు.

"అన్నా, నూటనలభైకి ఏమొస్తాది?"

అంగడాయన నవ్వాడు. "ఈడ సగం సామాన్లు ఆ ధరవేలే. నీకేం కావాల్నో చెప్పు."

దస్తగిరి అంగడి మెట్ల మీద కూలబడి, వచ్చేపోయేవాళ్ళు చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా ఏడ్చాడు. నలభై రోజుల్లో అంత ఏడుపు అతనికి ఎప్పుడూ రాలేదు.

పొద్దు వాలే వేళకు దర్గా చేరాడు. తాత తెల్లగుడ్డ పరిచి, ఊదు వేసి కూర్చుని ఉన్నాడు.

"ఏమీ తేలేదు సామీ. ఆమెకేం ఇష్టమో నాకు తెలీదు."

తాత లేచి ఒక పళ్ళెం కడిగి, తుడిచి, గుడ్డ మీద పెట్టాడు. చదవడానికి దోసిలి పట్టాడు.

"ఉత్త పళ్ళెం మీదనా సామీ?"

"కూర్చో నాయనా. ఇన్నేండ్లు నువ్వామెకు పెట్టింది ఇదే గదా."