దాలమ్మ పట్టుకున్న ముత్యాల దొంగ

మా తాతల తాతలకి ఇంకా పాలపళ్ళు కూడా రాని రోజుల్లో, ఏటి పక్కన ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో దాలమ్మ అని ఒకావిడ నెయ్యి అమ్ముకుని బతికేది. నలుగురిలో తలెత్తి మాట్లాడ్డం ఆవిడకి చేతకాదు. ఎవరేమడిగినా ఒకటే మాట, "ఉండండి, చూపిస్తాను."

నెయ్యి బాగుందా దాలమ్మా అంటే, "ఉండండి, చూపిస్తాను" అని అరచేతిలో చుక్క వేసేది. అంతే.

ఒక మాఘమాసం సాయంకాలం ఆ ఊరిమీద వడగళ్ళు పడ్డాయి. అంతకుముందు అక్కడ వడగళ్ళు చూసినవాళ్ళు లేరు. అందరూ ఇళ్ళల్లోకి పరుగెత్తి తలుపులేసుకున్నారు. వాన వెలిశాక చూస్తే వాకిట్లో ఒక్కటీ లేదు. కోళ్ళు మింగేశాయి కాబోలు అనుకున్నారు.

ఊరిపెద్ద సూరినాయుడి మనవరాలు రత్తాలుకి మాత్రం అరుగుమీద ఒకటి దొరికింది. నిమ్మకాయంత ఉంది, తెల్లగా మెరుస్తోంది.

"తాతా, ఇదేటి?"

నాయుడికి తెలీదు. తెలీదని చెప్పడం అలవాటు లేదు.

"దేవుడి ముత్యమే! భరిణెలో పెట్టు" అన్నాడు.

వెండి భరిణెలో పెట్టి, భరిణెని భోషాణంలో పెట్టారు. అప్పుడు రత్తాలు పక్కన ఉన్నది నూకాలు ఒక్కతే. నూకాలు ఆ ఇంట్లో వడ్లు దంచే ఆవిడ కూతురు. రత్తాలుకి ప్రాణస్నేహితురాలు.

తెల్లారి భరిణె తీశారు. ముత్యం లేదు. అడుగున ఇన్ని నీళ్ళున్నాయి.

"చూశారా దొంగ తెలివి! ముత్యం తీసేసి, బరువు తగ్గినట్టు తెలీకుండా నీళ్ళు పోసింది" అన్నాడు నాయుడు.

నూకాలు తియ్యలేదంది. వాళ్ళమ్మ కాళ్ళమీద పడింది. రత్తాలు స్నేహితురాలి మొహం చూడకుండా గోడవైపు తిరిగి కూర్చుంది.

"పొద్దు నడినెత్తికి వచ్చేలోగా ముత్యం తెండి. లేదంటే తల్లీ కూతురూ ఏరు దాటండి. నా మాటంటే మాటే" అన్నాడు నాయుడు.

ఊరంతా నాయుడి వాకిట్లో పోగైంది. పిల్లలు అరుగెక్కారు. అప్పుడే దాలమ్మ నెయ్యి అమ్ముకుంటూ వచ్చింది. సంగతి విని, తల దించుకునే అంది, "బాబూ, దొంగెవరో నాకు తెలుసు."

"ఎవరే?"

"ఉండండి, చూపిస్తాను."

పొద్దుటి చలికి నెయ్యి పేరుకుని రాయిలా ఉంది. ఒక ముద్ద గరిటెలో వేసి పొయ్యిమీద పట్టింది. ముద్ద జారింది, కరిగింది, పారింది.

"ముద్ద పోయింది!" అని పిల్లలు అరిచారు.

"పోలేదు నాన్నా, పల్చబడింది." గరిటె తీసుకెళ్ళి చన్నీళ్ళ గోలెంలో నిలబెట్టింది. కాసేపటికి నెయ్యి మళ్ళీ బిగిసింది.

నాయుడు నవ్వాడు. "నెయ్యి కరుగుతుందని నాకు తెలీదా? నువ్వొచ్చి చెప్పాలా? ముత్యం నెయ్యా?"

"ఉండండి, చూపిస్తాను."

దాలమ్మ పుట్టిల్లు కొండమీద. అక్కడ వడగళ్ళు ఏటేటా పడేవి. చిన్నప్పుడు వాటిని ఏరి ఊకలో కప్పెట్టి, మర్నాడు తినేవారు. ఆ అలవాటు చొప్పున నిన్న సాయంత్రం కూడా, అందరూ తలుపులేసుకున్నప్పుడు తను బుట్టెడు ఏరి, దంపుళ్ళ సాల వెనక ఊకకుప్పలో దాచింది. ఆ సంగతి ఊళ్ళో ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

పిల్లల్ని వెంటేసుకుని వెళ్ళి ఊక తవ్వించింది. బుట్టెడూ చిక్కి గుప్పెడైంది. ఉన్నవాటిలో పెద్దది పట్టుకొచ్చి నాయుడి అరచేతిలో పెట్టింది.

"ఇదేనా బాబూ ముత్యం?"

"ఇదే! ఇలాంటిదే!"

"గట్టిగా పట్టుకోండి. ఎవర్నీ ముట్టుకోనివ్వకండి."

నాయుడు పిడికిలి బిగించాడు. పిల్లలు చుట్టూ కాపలా కూర్చున్నారు.

"ఉందా బాబూ?"

"ఉంది. చెయ్యి జివ్వుమంటోంది."

కొంచెంసేపు ఆగింది. "ఉందా బాబూ?"

"ఉంది... కొద్దిగా చిక్కింది." వేళ్ళ సందుల్లోంచి చుక్కలు కారుతున్నాయి.

ఇంకొంచెంసేపు ఆగింది. "ఉందా బాబూ?"

నాయుడు పిడికిలి విప్పాడు. ఎర్రగా కందిన అరచెయ్యి, అందులో ఇన్ని నీళ్ళు.

రత్తాలు అడిగింది, "తాతా, ఎవరు తీశారు?"

నాయుడు చేతివంక చూశాడు. నూకాలు వంక చూశాడు. ఒక్కసారి పగలబడి నవ్వాడు.

"నేనేనే తల్లీ! పట్టపగలు, ఇంతమంది కళ్ళముందు తీసేశాను! నూకాలూ, ఇలారా. నన్ను ఏరు దాటిస్తావా?"

నూకాలు ఏడుస్తూనే నవ్వింది. "వద్దులే తాతా, నీకు ఈత రాదు కదా" అంది.

ఇక చూడండి ఆ నవ్వులు! రత్తాలు లేచొచ్చి నూకాలు చెయ్యి పట్టుకుంది. అంతలోనే రత్తాలు కళ్ళు నీళ్ళతో నిండాయి. తాత చేతిమీది తడి కూడా ఆరిపోతోంది.

"నీళ్ళు కూడా పోతున్నాయి దాలత్తా. ఇంక అది ఎప్పటికీ రాదా?"

"ఉండండి, చూపిస్తాను."

భరిణెలో నీళ్ళు కుండలో వంపింది, ఇంకో చెంబెడు కలిపింది, పొయ్యిమీద పెట్టింది. తెర్లాక ఆవిరి లేచింది. దానిమీద చల్లటి మూకుడు మూసింది. కాసేపాగి మూకుడు ఎత్తితే లోపలంతా బొట్లు.

"చూశారా, పైకెళ్ళాయి, చల్లబడ్డాయి, తిరిగొచ్చాయి. ఆకాశంలో ఇంకా బాగా చల్లబడితే గట్టిపడి, మీ ముత్యమై పడతాయి."

"ఎప్పుడు?"

"అది మాత్రం నేను చూపించలేను తల్లీ" అంది దాలమ్మ. పుట్టాక ఆవిడ నలుగురిలో అన్ని మాటలు చెప్పడం అదే మొదలు. సిగ్గుపడి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ రోజునుంచి దాలమ్మ పొయ్యి చుట్టూ ఎప్పుడూ పిల్లలే. మైనం కరిగించేవారు, బెల్లప్పాకం పోసి బిగిసేదాకా చూసేవారు, ఎక్కువగా తినేవారు. దాలమ్మ ముసలిదై, ఒక చలికాలం నిద్రలోనే వెళ్ళిపోయింది. ఆ వేసవిలో మళ్ళీ వడగళ్ళు పడ్డాయి. రత్తాలూ నూకాలూ అప్పటికి పిల్లల తల్లులు. ఇద్దరూ కొంగులు నెత్తినేసుకుని, చిన్నపిల్లల్లా ఏరుకుంటూ వీధంతా తిరిగారట.

ఇప్పటికీ ఆ ఊళ్ళో మొదటి వడగల్లు పెద్దమనిషి పిడికిట్లో పెడతారు. పిల్లలంతా "ఉందా బాబూ?" అని మూడుసార్లు అడుగుతారు. ఇప్పటికీ ఏ వస్తువు కనబడకపోయినా ఎవరిమీదా వేలెత్తరు. "ముందు కరిగిందేమో చూడండి, దాలమ్మ మీద ఒట్టు" అంటారు.

ఇత్తడి చెంబు కరుగుతుందా అని మీరు అడగొచ్చు. కరగదు. కానీ కరిగిందేమో అని వెతికేలోగా ఆ చెంబు మంచం కిందే దొరుకుతుంది.