దేవుడు నిమిరిన వీపు

అనగనగా ఒక అడవిలో, అందరూ మహా మర్యాదస్తులే ఉండే అడవిలో, ఇప్పచెట్టు మీద తురాయి అనే ఉడుత పిల్ల ఉండేది. ఉడుత వీపు మీది చారలు దేవుడు నిమిరితే పడ్డాయని అక్కడ అందరికీ నమ్మకం. దేవుడంతటివాడు నిమిరాక తాము ఊరుకుంటే ఏం బావుంటుందని, దారిన పోయే ప్రతివాళ్ళూ తురాయి వీపు నిమిరి పుణ్యం మూటగట్టుకునేవారు. తురాయిని అడగాలని మాత్రం ఎవరికీ తోచలేదు. పుణ్యకార్యాల్లో అంత తీరిక ఎక్కడిది పాపం.

పొద్దున్నే నెమలి అత్తయ్య ముక్కుతో నిమిరింది.

"నాకు నచ్చదు అత్తయ్యా," అంది తురాయి.

"అబ్బో, వేలెడంత లేని పిల్లకు ఎంత పొగరు," అంటూ అత్తయ్య ఇంకోసారి నిమిరి మరీ వెళ్ళింది.

మధ్యాహ్నం అడవిపంది మామయ్య బురద గిట్టతో నిమిరాడు. తురాయి అమ్మ దగ్గరికి పరుగెత్తింది.

"పెద్దవాళ్ళు ముద్దు చేస్తే మొహం ముడుచుకోకూడదమ్మా," అంది అమ్మ గింజలు ఒలుచుకుంటూ. తల కూడా ఎత్తలేదు.

సాయంత్రం కొండముచ్చు తాతయ్య వచ్చాడు. అడవిలో తగువులు తీర్చే పెద్దమనిషి ఆయనే. తురాయిని లాగి ఒళ్ళో కూర్చోబెట్టుకుని గట్టిగా అదిమి పట్టుకున్నాడు.

"వదులు తాతయ్యా, నాకు ఇష్టం లేదు."

"ఇదిగో రేగుపళ్ళు. రోజూ ఇస్తాను. అమ్మకు మాత్రం చెప్పకేం. ఇది మనిద్దరి రహస్యం."

తురాయికి అనుమానం వచ్చింది. మంచి పనైతే అమ్మకెందుకు చెప్పకూడదు? ఆయన పట్టు సడలగానే దూకి, పళ్ళు అక్కడే వదిలేసి పరుగు తీసింది. ఇందాక విననందుకు అమ్మ మీద అలక ఉంది. కానీ భయం అంతకంటే పెద్దది. అమ్మకు అంతా చెప్పేసింది.

"చెప్పొద్దన్నాడా?" అమ్మ చేతిలోని గింజ జారిపోయింది. పిల్లను దగ్గరకు రమ్మంది. "చెప్పి మంచిపని చేశావు తల్లీ. నీ తప్పేం లేదు. మధ్యాహ్నమే వినాల్సింది, తప్పు నాది."

మర్నాడు అమ్మ అడవి మొత్తాన్నీ ఇప్పచెట్టు కిందికి పిలిచి జరిగింది చెప్పింది. కొండముచ్చు చాలా నొచ్చుకున్నాడు. సున్నితమైన మనసు కదా.

"దేవుడు నిమిరిన వీపు, నేను ముట్టుకుంటే అరిగిపోయిందా? ఏదో ప్రేమకొద్దీ..."

నెమలి, పంది అవునన్నట్టు తలలూపారు.

"అలాగా," అంటూ అమ్మ ఆయన తోక పట్టుకుంది. "మీ తోక ఎంత ముద్దొస్తోందో. ప్రేమకొద్దీ నేనూ..."

"ఏయ్, వదులు. నా తోక అది. అడక్కుండా ముట్టుకోవడానికి నువ్వెవరు?"

అమ్మ వెంటనే వదిలేసింది. "ఈ మాట మీకూ వచ్చన్నమాట. మా పిల్ల అంటేనే పొగరు."

ఈసారి నెమలి, పంది అమ్మ మాటకు తలలూపారు. ఇక కొండముచ్చు తగువులు తీర్చక్కర్లేదనీ, పిల్లలున్న చెట్ల దరిదాపులకు రాకూడదనీ అడవి తేల్చేసింది.

వారం తర్వాత నెమలి అత్తయ్య వచ్చి, దూరంగా నిలబడి అడిగింది. "నిమరనా?"

"వద్దు అత్తయ్యా."

అత్తయ్య పుణ్యం లేకుండానే వెళ్ళిపోయింది. కొంపలేమీ మునగలేదు.

నీతి: నీ ఒళ్ళు నీది, వద్దంటే ఎంతటివాళ్ళయినా ఆగాల్సిందే, అమ్మకు చెప్పొద్దని ఎవరైనా ముట్టుకుంటే ముందు అమ్మకే చెప్పు. అమ్మలూ, మీరు గింజలు పక్కన పెట్టి వినండి.