పట్టు శాలువాకు ఇనప మేకులు

బుచ్చిభూపతి రాజుగారికి కొత్త మాట ఒకటి దొరికితే చాలు, ఆ పూట ఆకలి కూడా వెయ్యదు. ఆ రోజు సభలో శంభుశాస్త్రి ఆయనకో మాట అందించాడు.

"మహాప్రభూ! కుట్టడం, అతకడం, మేకు కొట్టడం, విరిగిన నగకు మాటు వెయ్యడం, ఇవన్నీ పామరుల మాటలు. శాస్త్రంలో అంతా ఒకటే. రెండిటిని ఒకటి చెయ్యడం. సంధానం!"

"ఆహా! పని ఒకటే అయితే మరి కోటలో ముగ్గురు పనివాళ్లెందుకయ్యా?"

"ఒకడు చాలు ప్రభూ."

అంతే. కమ్మరి ఈరన్నను ఉంచుకుని, దర్జీ రసూలునూ కంసాలి బ్రహ్మయ్యనూ రేపటినుంచి రావద్దన్నారు. అంత తెలివైన సలహా ఇచ్చినందుకు శాస్త్రికి మర్నాడే సన్మానమన్నారు.

రసూలు వచ్చి నరసక్క ముందు కూలబడ్డాడు. కోటలో బట్టలూ నగలూ చూసేది ఆవిడే.

"అక్కా, ఇంటినిండా తినేవాళ్లు. సూది తప్ప నాకేం తెలుసు?"

"ఊరు మాత్రం కదలకు. రేపొక్క పూట చూద్దాం" అంది నరసక్క.

తెల్లారి సన్మానానికి బయల్దేరుతుంటే శాస్త్రి పట్టు శాలువా పల్లకీ కొక్కేనికి తగులుకుని చర్రుమంది. "తొందరగా బాగు చేయించు" అని నరసక్కకు పంపాడు. ఆవిడ తిన్నగా కొలిమి దగ్గరికి నడిచింది.

"ఇది పట్టుబట్ట కదక్కా! నా దగ్గర సుత్తి తప్ప ఏముంది?" అన్నాడు ఈరన్న.

"రాజాజ్ఞ నాయనా. ఉన్నది నువ్వొక్కడివే. నీకొచ్చినట్టు చెయ్యి."

పాపం ఈరన్న కింద ఇనపరేకు, పైన ఇనపరేకు పెట్టి మేకులు దిగ్గొట్టాడు.

శాస్త్రి ఆ శాలువాను ఈడ్చుకుంటూ సభలోకి ఊడిపడ్డాడు. "ఎవరిదీ నిర్వాకం?"

"నాదే శాస్త్రిగారూ. సంధానం కాలేదా? లాగి చూడండి, ఏనుగు లాగినా ఊడదు" అంది నరసక్క.

"బుద్ధుందా నీకు? బట్ట కమ్మరికిస్తారటే? బట్టకు దర్జీ కావాలని పసిపిల్లకైనా తెలుసే!"

నరసక్క రాజుకు దణ్ణం పెట్టింది.

"విన్నారుగా మహాప్రభూ! పసిపిల్లకు తెలిసిన సంగతి శాస్త్రిగారికి నిన్న తెలీలేదు. సొంత శాలువా చిరిగాక తెలిసింది."

సభంతా గొల్లుమంది. రాజుగారు తలపాగా జారేలా నవ్వి, చేతి కంకణం ఊడదీసి నరసక్కకిచ్చారు. అది ఆవిడ చేతికి మరీ వదులైంది.

"తగ్గించడానికి ఈరన్నకిమ్మంటారా ప్రభూ?"

"వద్దొద్దు!" రాజుగారు సింహాసనం మీదినుంచి చటుక్కున లేచారు. "బ్రహ్మయ్యను పిలవండ్రా! రసూలును కూడా!"